కాలిని తన్నే బుల్లెట్టు

కిక్కు కొట్టిన కాలినే తిరిగి తన్నే పాత బుల్లెట్‌ను పొగరుబోతు బండి అంటారు. పాపం, తప్పు టైమింగ్‌ది. పిస్టన్ పైకి చేరకముందే, మరీ తొందరగా నిప్పురవ్వ పడితే కిక్కు వెనక్కి కొడుతుంది. చీలమండ విరగవచ్చు. ఆలస్యమైతే బండి లాగదు, వేడెక్కుతుంది.

కాంటాక్ట్ పాయింట్లున్న 350 సీసీ బుల్లెట్‌కు ముందు పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంచాలి. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది గనుక ఈ పని మొదట చేయాల్సిందే. ఆ తర్వాత ప్లగ్ తీసి, టాపెట్లు రెండూ వదులుగా ఉన్నప్పుడు పిస్టన్‌ను పైకొసకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు ఆపాలి. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం ఉంచి, ప్లేటు మరలు వదులుచేసి మెల్లగా తిప్పాలి. కాగితం జారిన చోటే పాయింట్లు విడివడ్డట్టు. అక్కడే బిగించాలి. సిగరెట్ ముట్టనివారికి అమ్మీటరుంది: తాళం తిప్పి ఉంచితే, పాయింట్లు విడగానే ముల్లు మధ్యకు వస్తుంది. వేగం పెరిగాక కావలసిన తొందరను లోపలి బరువులు విచ్చుకొని అవే చూసుకుంటాయి.

మద్రాసు దగ్గరి షోలవరం పాత రన్‌వేపై 1980లలో పందేలకు దిగిన బండ్ల సంగతి వేరు. కంప్రెషన్ పెంచిన ఇంజనులో పెట్రోలు త్వరగా మండుతుంది. అక్కడ రవ్వను కాస్త వెనక్కి జరపకపోతే ఇంజను టకటకమంటుంది, పిస్టన్‌కు చిల్లు పడుతుంది.