ఈడునుబట్టి ఇంద్రియములు

మా కొలిమిగుండ్ల చెంతనున్న బెలుము గుహలను చూడవచ్చు కుటుంబములలో నొక వింత కాననగును. ఎండలోనుండి మెట్లు దిగి లోనికి పోవగానే పిల్లలు పరుగులిడుదురు. నడియీడువారు క్షణకాలము నిలిచి సాగుదురు. ముసలమ్మలు మాత్రము గోడ పట్టుకొని కదలరు. "అందఱును పోవుచుండగా మీకేల భయము అత్తా?" యని కోడండ్రు తొందరపెట్టుదురు.

అది భయము గాదు. వెలుతురునుండి చీకటికి వచ్చిన కన్ను పూర్తిగా తేఱుకొనుటకు యౌవనమందే అరగంట పట్టును. వార్ధక్యమున నింకను హెచ్చు. పైగా ఈడు ముదిరినకొలది కంటిపాప చిన్నదగును, లోని కటకము పసుపువన్నె దేఱును. 20 ఏండ్ల కంటిలోపలికి చేరు వెలుతురులో 60 ఏండ్ల కంటికి చేరునది సుమారు మూడవవంతే. 2002లో జనులకు తెఱచిన యా గుహలలో విద్యుద్దీపములున్న మాట నిజమే. కాని అవి కోడలికి వెలిగినట్లు అత్తకు వెలుగవు. ఒకే యింటనున్నవారము గనుక ఒకే లోకమును చూచుచున్నామని తలంతుము. ఇండ్లలోని నిష్ఠురములు కొన్ని యిందుండియే పుట్టుచున్నవి.

శిశువు సంగతి చూతము. వినికిడి గర్భముననే మొదలగును. 1980లో డికాస్పర్, ఫైఫర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు, పుట్టి మూడు దినములైనను దాటని బిడ్డలు పరస్త్రీ కంఠముకన్న తల్లి కంఠమునే కోరి విందురని పరీక్షించి చూపిరి. ప్రహ్లాదుని కథ చదువుకొన్న మనకిది వింతగా తోచదు. ఐనను కథ వేఱు, పరీక్ష వేఱు. చూపు మాత్రము వెనుకబడియుండును. పసికందునకు జానెడు దూరములోని ముఖమే కొంత తేటగా కనబడును; పాలిచ్చు తల్లి ముఖముండునదియు నంత దూరముననే.

ఇంతకన్న ఆశ్చర్యకరమైనది మఱియొకటి కలదు. 1984లో వెర్కర్, టీస్ అనువారు ఆంగ్లము మాటలాడు ఇండ్ల బిడ్డలకు హిందీలోని 'ట', 'త' ధ్వనులను వినిపించిరి. ఆఱు మొదలు ఎనిమిది నెలల బిడ్డలు వాని భేదమును చక్కగా గుర్తించిరి. పది, పండ్రెండు నెలల బిడ్డలు గుర్తింపజాలరైరి. పాట, పాత, కోట, కోత, మన బిడ్డలకీ భేదము నిత్యము చెవిని బడును గనుక నిలుచును. ఎదుగుటయనగా క్రొత్తది చేర్చుకొనుట మాత్రమే గాదు, వాడనిదానిని విడుచుటయు.

కావున చెవుడుతో పుట్టిన బిడ్డ సంగతిని మూడవయేట, మాటలు రాలేదని కనుగొనుట మిక్కిలి యాలస్యము. "మగబిడ్డ గదా, వీని తండ్రియు నట్లే యాలస్యముగా మాటలాడెను" అని పెద్దలు ఓదార్తురు. ఆ యోదార్పును నమ్మి కూర్చుండరాదు. మొదటి నెలలో వినికిడి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆఱు నెలలలోపల చికిత్సారంభము జరుగవలెనని వైద్యులు నియమించియున్నారు.

నడక విషయమున నింత తొందర యక్కఱలేదు. బోర్లపడిన ఓళిగలు, అడుగులు వేసిన అరిసెలు పంచు వేడుక మనకు కలదు గాని, పొరుగింట ముందు పంచిరని దుఃఖింపనేల? మన దేశపు బిడ్డలనుగూడ చేర్చి పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎనిమిది మొదలు పదునెనిమిది నెలల నడుమ నెప్పుడు నడచినను సరియేయని 2006లో ప్రకటించెను. చక్రముల కుర్చీలో బిడ్డను కూర్చుండబెట్టి నడక నేర్పబోవుట మాకు నచ్చదు. దాని యమ్మకమును కెనడా 2004లోనే నిషేధించినది. బిడ్డ తన కాళ్ళపై నిలిచి త్రోయు మూడుచక్రముల కొయ్యబండియే మేలు.

సూదిలో దారమెక్కించుటకు చేయి చాచి దూరముగా పట్టుకొను దినము నలువదవయేటి ప్రాంతమున వచ్చును. చత్వారమను పేరులోనే నలువది యున్నది. కంటి కటకము గట్టిపడుటయే కారణము, కళ్ళజోడు చాలును. మాకింకను రాలేదు గాని, దూరమున లేదు.

ముసలితనమున చెవికి ముందుగా దూరమగునవి హెచ్చుస్థాయి ధ్వనులు. స, శ, చ వంటి హల్లులు జాఱిపోవును, అచ్చులు నిలుచును. అందుచే మనము మాటలాడుచున్నామని ఆమెకు తెలియును, ఏమనుచున్నామో తెలియదు. "తనకు కావలసినది వినబడునే!" యను నింద యిందువలననే. అఱచిన లాభము లేదు. ఎదుట నిలిచి, పెదవులు కనబడునట్లు, నెమ్మదిగా పలుకవలెను.

మా సీమ యిండ్లలో మెట్లును నేలయు నొకే బూడిదవన్నె నాపరాళ్ళు. వన్నెల స్వల్పభేదము గుర్తింపలేని ముసలి కంటికి మెట్టు అంచు నేలలో కలసిపోవును. పడినచో తుంటి యెముక విఱుగును. ప్రతి మెట్టు అంచునను రెండంగుళముల వెడల్పున తెల్లని సున్నపు గీత వేయించుటకు ఒక పూట పని.