8 ఎప్పుడు 6 అవుతుంది?

కళ్లంలో ధాన్యం కాటా వేసేటప్పుడు రైతు చూపంతా ఎర్రగా వెలిగే ఆ నాలుగైదు అంకెల మీదే ఉంటుంది. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. బస్తా బస్తా తూచి కూడితే వచ్చేదంతా ఆ అంకెలు చెప్పిన లెక్కే. మరి ఆ అంకెలే తప్పు చూపిస్తే?

ఒక్కో అంకెకు ఏడు గీతలు. ఏడూ వెలిగితే 8. కుడివైపు పైగీత ఆరిపోయిందనుకోండి, 8 కాస్తా 6 అయి కూర్చుంటుంది, 9 పోయి 5 అవుతుంది. 78 కిలోల బస్తా 76 అని కనబడుతుంది. కాటా తూచడంలో తప్పు లేదు సుమండీ, చూపడంలోనే తేడా! ఎడమవైపు కింది గీత పోతే 8 తొమ్మిదవుతుంది. అప్పుడు నష్టం కొనేవాడిది.

స్విచ్ వేయగానే చాలా కాటాలు అన్నీ 8లు చూపుతాయి, లేదా 0 నుంచి 9 దాకా లెక్కపెడతాయి. అది తనను తాను పరీక్షించుకోవడం. సరిగ్గా ఆ రెండు మూడు సెకన్లలోనే మనవాళ్లు గోతాలు సర్దుకుంటూ ఉంటారు!

ఇక లోపం ఎక్కడుందో పట్టుకోవడం. అంకెలన్నీ ఒకేసారి వెలగవు. ఒకదాని తర్వాత ఒకటి, కంటికి అందనంత వేగంగా వెలుగుతాయి. అన్ని పైగీతలకూ ఒకటే తీగ, అలాగే మిగతా గీతలకూ. కాబట్టి అన్ని అంకెల్లోనూ ఒకే గీత లేకుంటే ఆ తీగనో, దాన్ని నడిపే ఐ.సి.నో అనుమానించాలి. ఒక్క అంకెలోనే ఒక గీత పోతే ఆ గీతే కాలిపోయి ఉంటుంది. అంకె మొత్తం చీకటైతే దాని ట్రాన్సిస్టరో, టంకమో. అన్నీ మసకబారితే ముందు బ్యాటరీ చూడాలి.

1970ల చివర్లో అమెరికాలో వచ్చిన బాలీ కంపెనీ పిన్‌బాల్ ఆటయంత్రాల్లో స్కోరు చూపేదీ ఈ ఏడు గీతలే. కాకపోతే అవి వాయువు నింపిన గాజు పలకలు, సుమారు 170 వోల్టులు కావాలి. మన ఎల్.ఇ.డి. గీతకు రెండు వోల్టులు చాలు. వాటిని బాగుచేసేవాళ్లు ఇద్దరు ఆటగాళ్ల పలకలు తారుమారు చేస్తారు. లోపం పలకతోపాటు కదిలితే పలకది, కదలకపోతే బోర్డుది. మన కాటాల్లో చాలావాటికి ముందూ వెనకా రెండు పలకలుంటాయి గనక విప్పకుండానే పోల్చుకోవచ్చు.

మా వెంకటాచలం వైపు తేమకు, ఊకదుమ్ముకు కనెక్టర్లు చిలుము పట్టడం మామూలే. శుభ్రం చేసి, పగిలిన టంకం మళ్లీ కాస్తే చాలాసార్లు గీత తిరిగి వస్తుంది. అయితే ముద్ర వేసిన కాటాను మనం విప్పకూడదు. లైసెన్సున్న మెకానిక్కే విప్పాలి, తర్వాత తూనికలు కొలతల శాఖవారు మళ్లీ ముద్ర వేయాలి. తూకం మధ్యలో అనుమానమొస్తే బస్తా దించి, ఆపి మళ్లీ స్విచ్ వేయమని అడగండి. బస్తా ఉండగా వేస్తే ఆ బరువునే సున్నాగా తీసుకునే కాటాలున్నాయి.