స్టయల్ ఊరు: పారిపోయిన ఇద్దరు మిల్లు పిల్లలు చెప్పిన మాటలు

మాంచెస్టర్ పేరు మిల్లు మనుషులమైన మనందరం వినే ఉంటాం. నేను పనిలో చేరిన కొత్తలో మా రింగు ఖాతాలో పాత సాంచాల మీద ఇంగ్లండు కంపెనీల పేర్లు ఇనుములో పోతపోసి ఉండేవి. నూనె గుడ్డతో తుడిచీ తుడిచీ ఆ అక్షరాలు మెరిసిపోయేవి గానీ వాటిని చదవడం నాకు రాదు. నాది నాలుగో తరగతి చదువు. ఇప్పుడు మనవరాలు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతున్నది, నేను వింటున్నాను. అట్ల తెలిసిన ఊరే స్టయల్.

మాంచెస్టర్‌కు దక్షిణంగా, కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న పల్లె అది. పక్కన బొల్లిన్ అనే చిన్న ఏరు పారుతుంది. 1784లో శామ్యూల్ గ్రెగ్ అనే వ్యాపారి ఆ ఏటి ఒడ్డున నూలు మిల్లు కట్టించాడు. దాని పేరు క్వారీ బ్యాంక్ మిల్లు. అప్పటికి కరెంటు లేదు. నీళ్ళ జోరుకు పెద్ద చక్రం తిరిగితే దాంతో సాంచాలన్నీ తిరిగేవి. అందుకే మిల్లు పట్నంలో కాకుండా పల్లెలో లేచింది. పల్లెలో నీళ్ళు ఉన్నాయి గానీ పనికి మనుషులు చాలలేదు.

దానికి గ్రెగ్ పిల్లలను తెప్పించాడు. ఆ దేశంలో బీదవాళ్ళను, దిక్కులేని పిల్లలను ఊరి ఖర్చుతో ఉంచే ఇళ్ళుండేవి. వాటిని వర్కుహౌసు అనేవారు. ఖర్చు తగ్గుతుందని ఆ ఇళ్ళవాళ్ళు తొమ్మిది పదేళ్ళ పిల్లలను మిల్లులకు ఒప్పందం రాసి ఇచ్చేసేవారు. జీతం లేదు. తిండి, బట్ట, పడక మాత్రమే. 1790లో వాళ్ళకోసం మిల్లు దగ్గరే ఒక ఇల్లు కట్టారు. దాదాపు తొంభై మంది పిల్లలు అందులో ఉండేవారు. మగపిల్లల కన్నా ఆడపిల్లలే ఎక్కువ.

1806లో ఆ ఇంట్లోనుంచి ఇద్దరు పారిపోయారు. జోసెఫ్ సెఫ్టన్‌కు పదిహేడేళ్ళు, థామస్ ప్రీస్ట్లీకి పదమూడేళ్ళు. ఇద్దరూ లండన్ దగ్గర హ్యాక్నీ వర్కుహౌసు నుంచి వచ్చినవాళ్ళే. మళ్ళీ లండన్ చేరాక వాళ్ళను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. వాళ్ళు చెప్పింది గుమాస్తా రాసిపెట్టాడు. ఆ కాగితాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి గురించి దొరలు రాసిన ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు ఎన్నో ఉన్నాయట. నాకు మాత్రం ఈ ఇద్దరి మాటలే ఎక్కువ నమ్మబుద్ధి అయింది, ఎందుకంటే అది పనిచేసిన చేతుల సాక్ష్యం.

ప్రీస్ట్లీ రెండు సాంచాలు చూసేవాడు. ఒక్కోదాని మీద యాభై దాకా పోగులు. పోగు తెగితే మెలిపెట్టి అతకాలి, సరుకు అందించాలి. సాంచా విప్పి నూనె వేయడం కూడా నేర్చుకున్నాడు, దానికి చాలా జాగ్రత్త కావాలని చెప్పాడు. ఈ మాట వినగానే మనవరాలిని ఆపి మళ్ళీ చదవమన్నాను. నేను సైడరుగా చేసిన పనే కదా ఇది! బొటనవేలు, చూపుడువేలు మధ్య పోగు పట్టి, తిరిగే బాబిన్ దగ్గర చటుక్కున అతికించాలి. రోజుకు ఎన్ని వందలసార్లో లెక్క ఉండదు. ఒకరోజు చక్రం పట్టుకుని ప్రీస్ట్లీ ఎడమచేతి చూపుడువేలు ఊడిపోయింది. మిల్లు డాక్టరు వైద్యం చేశాడు, ఆరు వారాల్లో మానింది. మంచాన పడిన ఆ రోజుల్లోనే తల్లి మీద బెంగ పుట్టిందని చెప్పాడు. సెఫ్టన్‌కు కూడా తల్లిని చూడాలని ఉంది. అందుకే ఇద్దరూ కలిసి బయలుదేరారు.

మా ఖాతాలో డాఫింగ్ చేసే పిల్లవాడికి కూడా వేలు పోయింది. కట్టు కట్టించి పదిహేను రోజులకు మళ్ళీ పనిలోకి పిలిచారు. వాడు ఏ మేజిస్ట్రేటు ముందుకూ పోలేదు, వాడి మాట ఎవరూ రాయలేదు.

సెఫ్టన్ చెప్పిన రోజువారీ బతుకు ఇట్ల ఉంది. చలికాలమైనా ఎండాకాలమైనా పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకా పని. రాత్రిపని లేదు. పొద్దుటి తిండికి 10 నిమిషాలు, అదీ సాంచాల దగ్గరికే తెచ్చిచ్చేవారు. ఆ 10 నిమిషాలను మళ్ళీ సాయంత్రం పనిలో తీర్చాలి. మధ్యాహ్నానికి అరగంట, వారంలో రెండు రోజులు మాత్రం సాంచాలకు నూనె వేసేటప్పుడు గంట. తినేది పాలతో కాచిన జావ, రొట్టె, ఆలుగడ్డలు, కొంచెం మాంసం. మంచానికి ఇద్దరు. గదులు శుభ్రంగా ఉండేవి, ఏటా సున్నం వేసేవారు. ఆదివారం పొద్దున గుడి, మధ్యాహ్నం బడి. యజమాని మీద ఫిర్యాదు ఏమీ లేదని ఆ పిల్లలు చెప్పారు.

ఈ ఒక్క ముక్క పట్టుకుని గ్రెగ్ చాలా మంచివాడని కొందరు అంటారు. వేరే మిల్లులతో పోలిస్తే మంచివాడే కావచ్చు. డాక్టరును పెట్టాడు, చదువు చెప్పించాడు. కానీ తల్లిని చూడడానికి పారిపోతే తప్ప వీలులేని చోట ఎంత సున్నం వేస్తే ఏం లాభం? ఆయన కుటుంబానికి డొమినికా దీవిలో బానిసలు పనిచేసే తోటలు కూడా ఉన్నాయి. మిల్లుకు వచ్చే పత్తిలోనూ చాలా భాగం అమెరికా వైపు బానిసలు పండించిందే.

తర్వాత మిల్లు పెరిగింది, కుటుంబాలు వచ్చాయి. 1820 ప్రాంతంలో ఓక్ కాటేజీలని ఇటుక ఇళ్ళు వరుసగా కట్టారు. కింద రెండు గదులు, పైన రెండు, చిన్న పెరడు, బయట మరుగుదొడ్డి. మన పది బై పది చాళ్ గదుల లెక్కన అది బంగళా! ఆ ఇళ్ళ కింద ఉన్న నేలమాళిగలను వేరే కుటుంబాలకు అద్దెకిచ్చారని తెలిశాక మాత్రం నా ఈర్ష్య పోయింది. అద్దె జీతంలోనే కోసేవారు. దుకాణం, బడి, ప్రార్థన మందిరం అన్నీ మిల్లు దొరవే. జాబర్‌తో గొడవ పడితే ఒక్క పనే కాదు, పొయ్యి కూడా ఆరుతుందని మిల్లు చాళ్‌లో పెరిగినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఎస్తర్ ప్రైస్ అని ఒక పిల్ల ఉండేది, లివర్‌పూల్ నుంచి వచ్చింది. 1836లో పారిపోయి తిరిగొస్తే ఆమెను ఒక గదిలో ఒంటరిగా పెట్టి తాళం వేశారు. ఒప్పందంలో రాసిన వయసు తప్పని, తనకు పద్దెనిమిది నిండాయని ఆమె వాదన. వయసు కాగితం మీద తప్పు పడితే ఏమవుతుందో మా అన్నకు తెలుసు. బడిలో అందాజుగా వేసిన పుట్టిన తేదీ ఒకటి, మిల్లు రికార్డులో మరొకటి. పింఛను కోసం మూడేళ్ళు తిరిగాడు.

1847లో స్టయల్‌లో ఒప్పందం పిల్లల పద్ధతి ఆగిపోయింది. పెద్ద పిల్లలకు, ఆడవాళ్ళకు రోజుకు పది గంటలే పని అని ఇంగ్లండులో చట్టం వచ్చిందీ ఆ ఏడే. 1939లో గ్రెగ్ వంశస్థుడొకాయన మిల్లును, ఊరిని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు ఇచ్చేశాడు. 1959లో మిల్లు పని నిలిచింది. ఇప్పుడు టికెట్టు కొని చూడవచ్చు. ఓక్ కాటేజీల్లో ఇంకా జనం కాపురాలు ఉంటున్నారు, మాంచెస్టర్ విమానాశ్రయం పక్కనే.

అటువంటి మిల్లుల నూలు, గుడ్డ ఓడల్లో వచ్చి మన ఊళ్ళల్లో పడ్డాకే రాట్నాలు మూలబడ్డాయి. మగ్గం సాగక తెలంగాణ పద్మశాలీలు బొంబాయి, షోలాపూర్, భివండీ దారి పట్టారు. మళ్ళీ మిల్లు గేటు దగ్గరికే చేరారు. మా తాత అట్ల వచ్చినవాడే.

ఇప్పుడు మా పేటలో రింగు ఖాతా, రీలింగు ఖాతా చూసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. మిల్లు గోడలు పడిపోయాయి, భోంగా ఎప్పుడు మోగేదో పిల్లలకు తెలియదు. ఆదివారాలు నేను ఒక్కొక్కరి ఇంటికి పోయి కూర్చుంటున్నాను, మనవరాలు నోటుబుక్కులో రాస్తున్నది. రీలింగులో చేసిన ఒక పెద్దక్క ముందు, "నాకేం గుర్తుంటది బిడ్డా" అన్నది. తర్వాత రెండు గంటలు చెప్పింది. చంటిపిల్లను మిల్లు పాళణాఘర్‌లో వదిలి పనిలోకి పోయేదట. పాలిచ్చి రావడానికి ఎంతసేపు ఇచ్చేవారని అడిగితే, ఆలోచించకుండా చెప్పింది: పదిహేను నిమిషాలు.