బిట్రగుంట పట్టాలపై ఇంగ్లీషు బహువచనము

నెల్లూరికిని కావలికిని నడుమ, మద్రాసునుండి విజయవాడకు పోవు రైలుమార్గమున నున్న బిట్రగుంటలో, ఆవిరియంత్రముల కాలమున లోకోషెడ్డు ఊరికి ప్రాణమై యుండగా, ఆంగ్లో ఇండియన్ కుటుంబములును తెలుగు కుటుంబములును ఆ కొలువునే నమ్ముకొని బ్రతికినందున, ఇంగ్లీషు పుస్తకమునుండియే గాక పనిచోటునుండియు చెవిని బడుట సహజమయ్యెను. అచ్చటి రెండు పట్టాల నడిమి ఎడమే ఒక వ్యాకరణపాఠము. బ్రాడ్‌గేజి కొలత ఐదడుగుల ఆరంగుళములు. దానిని ఇంగ్లీషున చెప్పబోయినచో 'ఫీట్' అను అక్రమరూపమును, 'ఇంచెస్' అను సక్రమరూపమును వెంటవెంటనే పలుకవలసి వచ్చును.

సక్రమరూపము సులభమని తలచరాదు. వ్రాతలో తరచుగా 'ఎస్' అను అక్షరమొక్కటియే యైనను, 'ట్రాక్' అను పదమున తుది శ్వాసధ్వనిని అనుసరించి అది శుద్ధసకారమగును. 'ట్రెయిన్' తుది నాదధ్వనిని అనుసరించి తెలుగు లిపికి అందని నాదరూపము దాల్చును. 'కోచ్' వంటి పదములయెడ నడుమ నొక అచ్చును తెచ్చుకొనును. వ్రాతయందు చూపు శ్రద్ధ మన బడులలో ఈ ఉచ్చారణయందు చూపకుండుట విచారకరము.

ఇక అక్రమరూపముల విషయము. ఫైర్‌మన్, గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్ అని ఆ ఊరివారికి అన్నము పెట్టిన కొలువుల పేళ్లు బహువచనమున 'మెన్' అని ముగియుటకు కారణమేమి? ఇంగ్లీషునకు పూర్వరూపమైన జర్మానిక్ భాషలో 'మన్', 'ఫుట్', 'టూత్', 'గూస్' మొదలగు పదముల బహువచనప్రత్యయమున ఇకారముండెడిది. అది తనకు ముందున్న అచ్చును తనవైపునకు లాగి మార్చి, కాలక్రమమున తాను లోపింపగా, ఆ మార్పు మాత్రమే బహువచనచిహ్నముగా మిగిలెను. తెలుగుబిడ్డకు ఈ మర్మము పరాయిది కాదు. 'పులి'కి 'లు' చేరగా 'పులులు', 'కత్తి'కి చేరగా 'కత్తులు' అగుటలో, వెనుకనున్న ఉకారము ముందరి ఇకారమును తనవలె చేసికొనుచునే యున్నది; మన ప్రత్యయము నిలిచియున్నది, వారిది నశించినది, అంతియే భేదము. 'ఇల్లు' 'ఇండ్లు'గను, 'చేయి' 'చేతులు'గను మారుటను ప్రయత్నము లేకయే నేర్చిన బిడ్డకు 'ఫుట్–ఫీట్' వలన భయమేల కలుగవలెను? చిన్నయసూరి బాలవ్యాకరణము నొకచేతను, ఇంగ్లీషు వాచకము నొకచేతను పట్టుకొని బోధించు ఉపాధ్యాయుడు దొరకిన తరగతి ధన్యమని నా విశ్వాసము.

'ఆక్సెన్' అను రూపము ప్రాచీనాంగ్లమున అనేకపదములకుండిన 'అన్' ప్రత్యయమునకు శేషము. 'చిల్డ్రన్' చరిత్ర మరింత రమ్యము: 'చైల్డ్'కు రకారముతో కూడిన బహువచనము పూర్వమే యుండగా, అది బహువచనమను సంగతి మరచిన జనులు దానిపై మరియొక ప్రత్యయమును చేర్చిరి. రైల్వే 'క్వార్టర్స్'ను మనవారు ఏకవచనముగా గ్రహించి, "మాకొక క్వార్టర్సు ఇచ్చిరి" అనుటయు ఇట్టి మరపే. 'షీప్', 'డీర్' మాత్రము నాటినుండి నేటివరకు ప్రత్యయము నంటక నిలిచినవి.

1958లో జీన్ బెర్కో అను అమెరికా పరిశోధకురాలు, లేని పక్షికి 'వగ్' అని పేరుపెట్టి, దాని బొమ్మను పసిపిల్లలకు చూపి, రెండున్నప్పుడు ఏమందురని యడుగగా, ఎన్నడును వినని ఆ పదమునకు వారిలో పెక్కుమంది సరియైన బహువచనమునే చెప్పిరి. అనగా బాలుడు నేర్చునది పదములను మాత్రమే గాదు, సూత్రమును గూడ. కావున 'ఫుట్స్' అని వ్రాసిన విద్యార్థి పుటపై ఎఱ్ఱగీత గీయుటకు ముందు, వానికి సూత్రము పట్టుబడినదని గురువు గ్రహింపవలెను.

మన భాషయు వచ్చిన పదములను ఊరక చూచుచు కూర్చుండలేదు. 'వేలు' 'వేళ్లు' ఐనట్లు 'రైలు' 'రైళ్లు' ఐనది. 'మైలు' 'మైళ్లు', 'సిగ్నలు' 'సిగ్నళ్లు' ఐనవి. కాని 'ఊరు' 'ఊళ్లు' ఐనను, 'కారు'ను మాత్రము 'కాళ్లు' అనక 'కార్లు' అనుచున్నాము. 'డ్రైవరు'ను 'డ్రైవర్లు' అనుచున్నాము. లకారాంతములకు పాతబాట, రేఫాంతములకు క్రొత్తబాట ఏర్పడినది.