రోజుకు ఐదు పంక్తులు



"రాయాలనే ఉందండీ, కానీ తీరిక ఎక్కడ?" ఈ మాట మనలో చాలామంది అంటూ ఉంటాం. తెల్లవారుజామున పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చేవారున్నారు. మొదటి బస్సు అందుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తేవారున్నారు. షోలాపూరులో మగ్గం నడుపుతూ, బీడీలు చుడుతూ ఇల్లు నెట్టుకొచ్చే మనవాళ్లున్నారు. వీళ్లందరినీ తీరిక చేసుకోమని చెప్పడం తేలికే. చేసుకోవడమే కష్టం. నేనూ హోసూరులో షిఫ్టు ఉద్యోగం చేసినవాణ్ణే. ఏటా జనవరి ఒకటో తేదీన కొత్త డైరీలో ముత్యాల్లాంటి అక్షరాలతో మొదటి పేజీ నింపేవాణ్ణి. సంక్రాంతి వెళ్లేసరికి ఆ డైరీ అటక ఎక్కేది.

ఎందుకలా జరిగేదో చాలాకాలానికి గాని తెలిసిరాలేదు. నేను చేసిన పొరపాట్లు రెండు. రాయడమంటే పేజీ నిండాలనుకోవడం ఒకటి. తీరిక దొరికాక రాద్దామనుకోవడం రెండోది. తీరిక దానంతటది వచ్చి మన తలుపు తట్టదు కదా!

ఈ సందర్భంలో ఏనుగుల వీరాస్వామిగారిని తలుచుకోవాలి. ఆయన మద్రాసు తెలుగువారు. అక్కడి సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేశారు. 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైలు లేని రోజులవి. పరివారాన్ని వెంటబెట్టుకుని మజిలీ మజిలీకీ నీళ్లు, సరుకులు, బస చూసుకుంటూ సాగిన ప్రయాణం. అంత శ్రమలోనూ ఏ ఊరు ఎన్ని ఆమడల దూరం, అక్కడ దుకాణాలున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయారు. ఆ సంగతులు మిత్రులు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్లెగారికి చేరేవి. 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. అప్పటికి వీరాస్వామిగారు లేరు. కానీ ఆనాటి దారులూ ఊళ్లూ మనకు మిగిలాయి.

'యాత్రలో ఉన్నవారికి కొత్త సంగతులుంటాయి, మాకేముంటాయి?' అంటారేమో. పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లెగారున్నారు. వర్తకం ఒకవైపు, ఫ్రెంచి కంపెనీ దుబాసీ పని మరోవైపు. ఊపిరి సలపని మనిషి. అయినా 1736లో మొదలుపెట్టిన దినచర్యను 1761లో చనిపోయే కాలం దాకా సాగించారు. ఆయన రాసింది తమిళంలో. కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పని తగ్గాక రాసినవారు కారు వీరిద్దరూ. పనిలో ఉంటూనే, ఆ పని గురించే రాశారు.

సరే, మనం ఎలా మొదలుపెట్టాలి? నాకు పనికివచ్చిన పద్ధతి చెబుతాను.

మొదటిది, కొత్త వేళ వెతకవద్దు. రోజూ తప్పకుండా చేసే పనికి రాతను ముడివేయండి. పొద్దుటి కాఫీ తాగాక, రాత్రి అంట్లు తోమాక, దుకాణం లెక్క చూశాక, ఏదైనా సరే. 'రాత్రి ఎనిమిదికి' అనుకుంటే ఆ రోజు బస్సు ఆలస్యమైతే మాట తప్పుతుంది. 'అన్నం తిన్నాక' అనుకుంటే తప్పదు. ఎంత ఆలస్యమైనా అన్నం తింటాం కదా.

రెండోది, ఐదు పంక్తులు చాలు. ఒంట్లో బాగులేని రోజు కూడా రాయగలిగినంతే నియమంగా పెట్టుకోండి. ఉత్సాహం ఉన్ననాడు పేజీ రాయండి, వద్దనేవారెవరు? మర్నాటి బాకీ మాత్రం ఐదు పంక్తులే.

మూడోది, పుస్తకమూ కలమూ కంటికి కనిపించే చోట ఉండాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తే, తాళంచెవి వెతికేలోగా నిద్ర వస్తుంది.

నాలుగోది, ఏం రాయాలన్న దిగులు వద్దు. ఈరోజు ఎవరు వచ్చారు, టమోటా ఏ ధర పలికింది, వాన పడిందా, మనసుకు కష్టం కలిగించినదేమిటి. ఇవి చాలు.

ఇక ఒకరోజు తప్పితే? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి, అలవాటు ఎలా కుదురుకుంటుందో చూశారు. 2010లో అది అచ్చయింది. సుమారు 66 రోజులు పడుతుందని తేల్చారు. కొందరికి 18 రోజులే చాలు, మరికొందరికి 254 దాకా పట్టవచ్చునని అంచనా కట్టారు. మధ్యలో ఒకనాడు తప్పినంతమాత్రాన అలవాటు చెడిపోలేదట. కాబట్టి తప్పిన రోజుకు బాకీ తీర్చబోకండి. మర్నాడు మామూలుగా మొదలుపెట్టండి.

ఇదంతా ఎవరికైనా వర్తించేదే. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు మరొక సంగతి ఉంది. మా అమ్మ మూడో తరగతి చదివింది. రోజూ పద్దుల పుస్తకంలో ఉప్పు, కిరసనాయిలు లెక్కల కింద ఒక మాట రాసేది. "వాన పడింది. రాగిచేను తడిసింది. పెద్దోడికి జ్వరం తగ్గింది." అంతే. ఆమె పోయాక ఆ పుస్తకం మా అబ్బాయి చేతికి దొరికింది. వాడు తమిళ మాధ్యమంలో చదివాడు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు. ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి, "అవ్వ ఏం రాసింది, నాయనా? కొంచెం చదివి చెప్పు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. తప్పు వాడిది కాదు. నా కొడుకు నేను తెలుగులో ఒక ముక్క రాయగా ఎన్నడూ చూడలేదు. మాట చెవిన పడితే వస్తుంది. అక్షరం కంటపడితే కదా వచ్చేది!

ఆ రాత్రి ఆ పద్దుల పుస్తకంలోనే, అమ్మ వదిలిన ఖాళీ పేజీలో ఐదు పంక్తులు రాశాను. కొన్నాళ్లకు వాడూ కింద ఒక పంక్తి రాయడం మొదలుపెట్టాడు. ఒత్తులు తప్పేవి. ఎర్ర సిరాతో దిద్దలేదు. అదే వాక్యాన్ని కింద సరిగా రాసి ఉంచేవాణ్ణి. చూసి చూసి వాడే నేర్చుకున్నాడు. ఫోనులో రాసినా రాతే, కాదనను. కానీ ఇంట్లో అందరి చేతికీ అందే చోట ఒక పుస్తకం ఉంటే, చూసేవాళ్లకూ ఆ అక్షరం అలవాటవుతుంది.

బడిలో మీరు చదివింది కన్నడం కావచ్చు, ఒడియా కావచ్చు, మరాఠీ కావచ్చు. ఆ చదువు మనకు అన్నం పెట్టింది, దాన్ని గౌరవిద్దాం. ఇంటి మాటకు మాత్రం రోజుకు ఐదు పంక్తుల చోటు ఇద్దాం. మీ ఊరి యాస మీ ఊరి యాసలోనే రాయండి. పక్క భాష మాట కలిస్తే కలవనివ్వండి. అది మన బతుకు.

ఈ ప్రసంగం అయ్యాక అన్నానికి కూర్చుంటారు కదా. చెయ్యి కడుక్కున్నాక, పాత నోటుపుస్తకం ఒకటి తీసి, పైన తేదీ వేయండి.