పెట్టె మీద పుండు... వేళ్ల మధ్య నిప్పు

కుళ్లిన గొంతు, పుండుపడిన దవడ... సిగరెట్ పెట్టె మీద ఆ బొమ్మ చూస్తే అన్నం సహించదు. అయినా కిళ్లీకొట్టు ముందు గుంపు తగ్గదు. మరి ఆ బొమ్మ పనిచేస్తున్నట్టా, లేనట్టా? పనిచేస్తోంది. కాకపోతే సగం దూరమే! మిగతా సగం దారి మాటేమిటి?

ఉదయం తొమ్మిది గంటలు. ఆఫీసు సందు మొదట్లో టీకొట్టు. దాన్ని ఆనుకుని కిళ్లీకొట్టు. నలభై దాటిన ఓ ఉద్యోగి బండికి స్టాండు వేసి అటు చూసి తలూపుతాడు. అంతే! ఏ బ్రాండో, ఎన్ని కావాలో చెప్పక్కర్లేదు. కొట్టతను పెట్టె తెరిచి ఒక్క సిగరెట్ తీసి చేతిలో పెడతాడు. తాడుకు వేలాడుతున్న లైటర్‌తో అంటించుకుని, ఓ దమ్ము లాగి, అప్పుడు టీ గ్లాసు అందుకుంటాడు.

‘పెట్టె కొనడం మానేశానండీ. రోజుకు నాలుగే. అదీ విడిగానే’... తోటివాళ్లతో అతను చెప్పే మాట ఇది. తగ్గించుకుంటున్నానని అతని ధీమా.

ఇలాంటి మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. ఎవరి కోసమైతే పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర అంత భయంకరమైన బొమ్మ అచ్చేశారో, వాళ్లలో అతనూ ఒకడు. కానీ ఆ బొమ్మ అతని కంట పడనే లేదు. పెట్టె కొట్టతని దగ్గరే ఉండిపోయింది. మానేయాలని పెట్టె కొనడం మానేసినవాడికే హెచ్చరిక అందకుండా పోయింది!

అక్షరాలు పోయి బొమ్మలొచ్చె...

మన దేశంలో సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక ఉండాలని 1975లో చట్టం చేశారు. ‘పొగతాగడం ఆరోగ్యానికి హానికరం’ అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం. అదీ చిన్న అక్షరాల్లో, ఓ మూలన. చదువు రానివాళ్లకు అది అర్థంకాదు. చదువుకున్నవాళ్లు పట్టించుకోరు. దశాబ్దాల పాటు అలాగే గడిచిపోయింది.

ఈ పద్ధతిని మార్చిన దేశం కెనడా. 2000 సంవత్సరంలో నిబంధనలు తెచ్చి, మరుసటి ఏడాదికల్లా పెట్టె మీద సగభాగం రంగుల బొమ్మలతో నింపేసింది. జబ్బుపడిన ఊపిరితిత్తులు, పాడైన పళ్లు... మొత్తం 16 రకాలు. దాని వెనక ఉన్న ఆలోచన చాలా తేలికైంది. సిగరెట్ పెట్టె అంటే జేబులో తిరిగే ప్రకటన. రోజుకు ఒక పెట్టె కాల్చేవాడు దాన్ని ఇరవై సార్లు బయటికి తీస్తాడు. ఏ టీవీ ప్రకటనకు ఉంటుంది అంత అదృష్టం? కంపెనీ వాడుకునే ఆ జాగానే కంపెనీ సరుకుకు వ్యతిరేకంగా వాడితే? అదీ ఎత్తుగడ.

మన దగ్గర 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. బొమ్మల నిబంధనలను 2006లో ప్రకటించారు. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2009 మే 31న... అంటే ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు అమల్లోకొచ్చాయి. అప్పుడు కూడా పెట్టెకు ఒకవైపే, 40 శాతమే. సిగరెట్ల మీద ఊపిరితిత్తుల ఎక్స్‌రే. నమిలే పొగాకు మీద తేలు బొమ్మ! తేలుకూ గుట్కాకూ ఏమిటి సంబంధమన్న విమర్శలు వెల్లువెత్తాయి. తర్వాత వచ్చిన బొమ్మల్లో మసకమసకగా కనిపించే ఓ మనిషి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ టెర్రీలా ఉన్నాడని 2012లో పత్రికలు రాశాయి. భయపెట్టాల్సిన బొమ్మ కాస్తా నవ్వులపాలైంది.

2014 అక్టోబరులో కేంద్రం గట్టి నిర్ణయం తీసుకుంది. రెండు వైపులా 85 శాతం హెచ్చరిక. అందులో 60 శాతం బొమ్మ, 25 శాతం అక్షరాలు. 2015 ఏప్రిల్ నుంచి అమలు కావాల్సింది, పార్లమెంటరీ కమిటీ పరిశీలనలో ఉందంటూ ఆగింది. చివరికి 2016 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. అక్కడితోనూ అయిపోలేదు. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. బొమ్మ బతికింది!

భయం పుట్టింది

ఇంత పోరాటం జరిగింది కదా, ఫలితం ఉందా? ఉంది. దేశవ్యాప్తంగా వయోజనుల్లో పొగాకు వాడకం మీద జరిగిన సర్వే ‘గాట్స్’ లెక్కలు ఆ సంగతే చెబుతున్నాయి. పెట్టె మీది హెచ్చరిక చూసి మానేద్దామనుకున్న సిగరెట్ ప్రియులు 2009-10లో 38 శాతం. 85 శాతం బొమ్మలొచ్చిన కొద్ది నెలలకు, 2016-17లో అడిగితే దాదాపు 62 శాతం! అదే కాలంలో దేశంలో పొగతాగేవాళ్లు 14 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదల అంతా బొమ్మల పుణ్యమే అనలేం. పన్నులున్నాయి, బహిరంగ ప్రదేశాల్లో నిషేధముంది, ప్రచారముంది. అయినా ఆలోచన రేకెత్తించడంలో బొమ్మ గెలిచిందన్నది కాదనలేని నిజం.

కానీ ‘మానేద్దాం’ అనుకోవడానికీ మానేయడానికీ మధ్య ఓ అగాధం ఉంది. ఎవరి సాయమూ, ఏ మందూ లేకుండా సొంతంగా మానేసినవాళ్లు వందమంది ఉంటే, ఆరు నెలలో ఏడాదో గడిచాక నిలబడేది ముగ్గురి నుంచి ఐదుగురే అని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. మిగతావాళ్లంతా సంకల్పబలం లేనివాళ్లా? కానే కాదు.

ఏడాదికి 73 వేల బహుమతులు

సిగరెట్ పొగలోని నికోటిన్ మెదడుకు చేరడానికి పట్టేది పది నుంచి ఇరవై సెకన్లు. చేరగానే అక్కడ డోపమైన్ విడుదలై హాయిగా అనిపిస్తుంది. ఒక్కో సిగరెట్‌కు పది దమ్ములు వేసుకున్నా, రోజుకు ఒక పెట్టె కాల్చేవాడి మెదడు 200 సార్లు ఆ బహుమతి అందుకుంటుంది. ఏడాదికి 73 వేల సార్లు! ఇరవై ఏళ్లుగా అలా అలవాటుపడ్డ మెదడు ఒక్కరోజులో ‘సరే, వద్దులే’ అంటుందా?

రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. దాంతో చిరాకు, అసహనం, దేని మీదా మనసు నిలవకపోవడం. మరో సిగరెట్ వెలిగిస్తే అది తగ్గుతుంది. ‘సిగరెట్ టెన్షన్ తగ్గిస్తుంది’ అనుకుంటాడు పాపం. ఆ టెన్షన్ తెచ్చిపెట్టిందే అంతకుముందు కాల్చిన సిగరెట్!

బొమ్మతో వచ్చిన చిక్కు కూడా ఇక్కడే. బొమ్మ చూస్తే గుండె గుబేలుమంటుంది. గుబులు పుడితే పొగరాయుడికి తెలిసిన మందు ఒక్కటే... సిగరెట్! లేదంటే బొమ్మను తప్పించుకోవడానికి సవాలక్ష దారులు. పెట్టెను తిరగేసి పెట్టుకోవడం, సిగరెట్లను వేరే డబ్బాలోకి మార్చుకోవడం, ‘మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగాడు’ అని దబాయించడం, జోకులేయడం. సినిమా హాల్లో వేసే హెచ్చరిక ప్రకటనకు ప్రేక్షకులు వంతపాడి నవ్వుకోలేదూ? అందులోని ‘ఈ నగరానికి ఏమైంది’ అన్న మాట 2018లో ఏకంగా ఓ తెలుగు సినిమాకు పేరైంది. భయం ఎక్కువై, బయటపడే దారి కనిపించకపోతే మనిషి చేసేది అదే. నవ్వేస్తాడు.

మాల వేసుకుంటే ఎలా మానగలుగుతున్నారు?

దారి లేదా అంటే... ఉందని మన వీధుల్లోనే ఏటా రుజువవుతోంది. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ సిగరెట్ ముట్టనివాళ్లు ఎంతమంది లేరు! ముందురోజు దాకా పెట్టెలు పెట్టెలు ఊదేసినవాళ్లే. అప్పుడు మాత్రం ఎలా సాధ్యమైంది?

భక్తి ఒక కారణం. దాంతోపాటు మరికొన్ని ఉన్నాయి. మాల వేసుకునే రోజు ముందే ఖాయమవుతుంది. దినచర్య మొత్తం మారిపోతుంది. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, వేళకు భోజనం. చుట్టూ తనలాంటి స్వాములే. ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు అంతా ‘స్వామీ’ అనే పిలుస్తారు. కొట్టతను కూడా సిగరెట్ ఇవ్వడు! పొగ మాన్పించే నిపుణులు చెప్పేవీ దాదాపు ఇవే. తేదీ పెట్టుకోండి, సిగరెట్‌ను గుర్తుచేసే అలవాట్లు మార్చుకోండి, నలుగురికీ చెప్పండి, తోడు వెతుక్కోండి.

మరి మాల తీయగానే మళ్లీ ఎందుకు మొదలవుతోంది? మానేశాక మొదటి రెండు మూడు రోజులు నరకం. వారం పాటు చిరాకు, నిద్రలేమి, ఆకలి పెరగడం. మూడు నాలుగు వారాల్లో ఇవన్నీ చాలావరకు సర్దుకుంటాయి. అంటే 41వ రోజుకు ఒంటి బాధ దాదాపు తీరిపోయినట్టే. కానీ మాల తీశాక అదే సందు, అదే టీ గ్లాసు, అదే స్నేహితులు. పైగా దీక్ష అయిపోయిందన్న భావన. ‘ఒక్కటేగా’ అంటూ వెలిగిస్తారు. ఒంటిని వదిలిన నికోటిన్ టీకొట్టు దగ్గర కాచుకుని కూర్చుందన్నమాట!

నాలుగే కదా... అనుకోవద్దు

మళ్లీ మన ఉద్యోగి దగ్గరికి వద్దాం. రోజుకు నాలుగే అన్న అతని ధీమాలో నిజమెంత? రోజుకు ఒక్కటే కాల్చినా, ఇరవై కాల్చేవాళ్లకు పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. పైగా తక్కువ కాల్చేవాడు ఒక్కోదాన్ని గట్టిగా, లోతుగా పీలుస్తాడు. తగ్గించడం మంచి మొదలే. కానీ అక్కడే ఆగిపోతే లాభం లేదు.

పూర్తిగా మానేస్తే మాత్రం ఏ వయసులోనైనా లాభమే. బ్రిటన్ వైద్యుల అలవాట్లను 1951 నుంచి యాభై ఏళ్ల పాటు గమనించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో లెక్క చెప్పింది. అరవైలో మానేస్తే ఆయుష్షు మూడేళ్లు, యాభైలో ఆరేళ్లు, నలభైలో తొమ్మిదేళ్లు, ముప్ఫైలో పదేళ్లు కలిసొస్తుంది.

అందుకు సాయపడే మందులూ ఉన్నాయి. నికోటిన్ చూయింగ్ గమ్ అలాంటిదే. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తే ప్రయోజనం ఉండదు. కాస్త నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి. కాఫీ, పళ్లరసం తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. వారెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలు డాక్టర్ రాస్తేనే వాడాలి. మందుకు మాటసాయం తోడైతే ఫలితం ఇంకా బాగుంటుంది.

పెట్టె లేని పొగ

హెచ్చరిక పెట్టె మీద ఉంటే, మన అలవాటు విడి సిగరెట్ మీద ఉంది. అదే గాట్స్ సర్వే ప్రకారం సిగరెట్ కాల్చేవాళ్లలో మూడింట రెండొంతుల మంది కొనేది విడిగానే. మహారాష్ట్ర 2020లో విడి అమ్మకాలను నిషేధించింది. కెనడా మరో అడుగు ముందుకేసి, ఒక్కో సిగరెట్ మీదా హెచ్చరిక ఉండాలంటూ 2023 ఆగస్టు నుంచి నిబంధన తెచ్చింది. ప్రపంచంలో అదే మొదటిసారి.

ఇక మన చుట్ట సంగతి! శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లది పాత అలవాటు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటు ఇదని వైద్యులు ఏనాడో తేల్చారు. ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె ఎక్కడిది? బొమ్మ ఎక్కడిది? ఆ తల్లుల దగ్గరికి హెచ్చరిక మనుషుల నోటే వెళ్లాలి.

బొమ్మ పక్కన నంబరు

2018 సెప్టెంబరు నుంచి పెట్టె మీద బొమ్మతోపాటు మరొకటి చేరింది. 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం ఏర్పాటు చేసిన ఉచిత ఫోన్ నంబరు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ ద్వారా తెలుగులోనూ మాట్లాడే ఏర్పాటు ఉంది. ఎప్పుడెప్పుడు తాగాలనిపిస్తుంది, ఏ రోజు మానేద్దాం, కోరిక పుట్టిన ఆ ఐదు పది నిమిషాలు ఎలా గడపాలి... అన్నీ అడిగి దారి చూపిస్తారు. తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కుంటారు. భయపెట్టిన బొమ్మ పక్కనే చెయ్యందించే మనిషి అన్నమాట.

ఇంట్లోవాళ్లు చేయాల్సిందీ ఒకటుంది. తప్పి ఒక్కటి కాల్చినరోజు ‘నీవల్ల కాదని ముందే తెలుసు’ అనకండి. చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించాకే బయటపడతారు. మాల వేసుకుని 41 రోజులు ఉండగలిగినవాడికి 42వ రోజు తోడుగా ఓ మనిషి కావాలి. అంతే.

అన్నట్టు, విడి సిగరెట్ కొనేవాళ్లకు బొమ్మే కాదు... ఆ నంబరూ కనిపించదు. మీరూ అలా తలూపే మనిషే అయితే, రేపు పొద్దున కొట్టతన్ని సిగరెట్ అడిగే ముందు ఒక్కసారి ఆ పెట్టె ఇలా ఇవ్వమనండి. బొమ్మను ఒక్క క్షణం చూడండి. పక్కనున్న నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి. పెట్టె తిరిగిచ్చేసి టీ తాగండి. వీలైతే ఆ టీ కూడా మరో కొట్టు దగ్గర!