పెనిసిలిన్‌కు ఒక ఘటోత్కచుడు

నేను కాలేజీలో చెప్పేది తెలుగు పాఠం. మందుల గొడవ ఈయనకెందుకని మీరనవచ్చు. కాని ఈ కాలంలో ప్రతి ఇంట్లోనూ వినబడే అంకె ఒకటున్నది గదా, "సిక్స్ ట్వంటీఫైవ్" అని! పంటి చిగురు వాచినా, చెవిలో చీము పట్టినా డాక్టరుగారు చీటీమీద తరచు ఆ అంకె వేస్తారు. దాని వెనుక కథ తెలుసుకున్నాక, ఇది భారతం చదివినవాళ్ళకు ఇట్టే బోధపడే కథేననిపించింది.

ఆ మాత్రలో మందులు రెండు. 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్. ఇది పెనిసిలిన్ వంశంలోది. మిగతా 125 మిల్లీగ్రాములు క్లావులానిక్ ఆమ్లం. వింత ఏమిటంటే, ఈ రెండవదానికి స్వయంగా క్రిములను చంపే శక్తి బహు స్వల్పం. మరి దానికక్కడ ఏం పని?

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనిపెట్టిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. అది పనిచేసే తీరు చూడండి. బాక్టీరియా అనే క్రిమి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఆ గోడ కట్టే తాపీమేస్త్రీలు కొన్ని ఎంజైములు. పెనిసిలిన్ అణువులో నాలుగు మూలల చిన్న వలయం ఒకటున్నది. దాని పేరు బీటా లాక్టమ్. మేస్త్రీ చెయ్యి తగలగానే ఆ వలయం విచ్చుకుని, ఆ చేతికే అతుక్కుపోతుంది. గోడపని ఆగిపోతుంది. క్రిమి లోపలి ఒత్తిడికి తానే పగిలి చస్తుంది. మన శరీర కణాలకు అటువంటి గోడ లేదు కనుక ఆ దెబ్బ వాటికి తగలదు.

క్రిములు మాత్రం తక్కువ తిన్నాయా? 1940లోనే, పెనిసిలిన్ ఇంకా సూదిమందుగా ఆస్పత్రులకు రాకముందే, ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ అనే శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. కొన్ని బాక్టీరియాలు పెనిసిలిన్‌ను నాశనం చేసే ఎంజైమును తయారుచేసుకుంటున్నాయి! దానికి పెనిసిలినేజ్ అని పేరు. అది మందులోని వలయాన్ని తెగ్గొట్టి పారేసి, వెంటనే మరొకదాని మీదికి పోతుంది. క్షణంలో వందలకొద్దీ మందు అణువులు నిర్వీర్యమైపోతాయి.

ఇప్పుడు భారతానికి రండి. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉన్నది. అది ఒక్కసారికే పనికివస్తుంది. అర్జునుడి కోసమని దాచుకున్నాడు. పద్నాలుగోనాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు విజృంభించేసరికి గత్యంతరం లేక అతనిమీద ప్రయోగించాడు. ఘటోత్కచుడు కూలిపోయాడు, అర్జునుడు బతికాడు.

క్లావులానిక్ ఆమ్లం చేసే పని సరిగ్గా ఇదే. దానిలోనూ ఆ నాలుగు మూలల వలయమే ఉన్నది. ఎంజైము దాన్ని పెనిసిలినే అనుకుని కొరుకుతుంది. కొరికిన తరువాత వదిలించుకోలేదు. క్లావులానిక్ ఆమ్లం లోపలే రూపు మార్చుకుని, దాని నోట్లో బంకలా పట్టుకుంటుంది. తాను నాశనమై, ఎంజైమును కూడా నిరర్థకం చేస్తుంది. ఈలోగా అమాక్సిసిలిన్ నిరాటంకంగా గోడమీదికి పోతుంది.

1970 ప్రాంతాల్లో ఇంగ్లండులో బీచమ్ కంపెనీ శాస్త్రజ్ఞులు దీనిని స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే మట్టిలోని సూక్ష్మజీవినుంచి తీశారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ పరిశోధనాలయం సాధించిన ఆరియోమైసిన్ కూడా ఈ స్ట్రెప్టోమైసిస్ జాతి ప్రసాదమే. 1981లో బ్రిటన్‌లో జంటమందు అమ్మకానికి వచ్చింది. ఆ తరువాత సల్బాక్టమ్, టాజోబాక్టమ్ అనే తమ్ముళ్ళు కూడా రంగంలోకి దిగారు.

అయితే ఘటోత్కచుడు అన్ని అస్త్రాలకూ విరుగుడు కాడు. 2008లో స్వీడన్‌లో, అంతకుముందు న్యూఢిల్లీలో చికిత్స పొందిన ఒక రోగి దగ్గర దొరికిన బాక్టీరియాలో కొత్త ఎంజైము బయటపడింది. దాని పేరులోనే న్యూఢిల్లీ ఉన్నది. అది జింకు సాయంతో వలయాన్ని తెంచే రకం. క్లావులానిక్ ఆమ్లం ఎర దాని దగ్గర పారదు.

మొన్న పక్కింటి పెద్దావిడ మా ఆవిడను అడిగింది: "ఏమమ్మాయ్, మీవాడి చెవిపోటుకు తెచ్చిన మాత్రలు రెండేమన్నా మిగిలాయా? మా మనవడికి ఒకటే జలుబు."

"మిగల్లేదు పిన్నిగారూ, డాక్టరుగారు చెప్పినన్నీ వేసేశాం. అయినా జలుబుకు ఇవి పనిచెయ్యవటండీ" అంది మా ఆవిడ.

నిజమే. మామూలు జలుబు వైరస్‌వల్ల వస్తుంది. వైరస్‌కు పెనిసిలిన్ కూలగొట్టే గోడే లేదు. అక్కరలేని చోట మందు వేస్తే ఒంట్లోని సామాన్య బాక్టీరియాలు చచ్చి, ఎంజైము చేతబట్టుకున్న మొండివే మిగిలి వర్ధిల్లుతాయి. చాలీచాలని మోతాదువల్ల క్రిములు మొండికెత్తుతాయని 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగే హెచ్చరించాడు.

ఘటోత్కచుణ్ణి ఏ రాత్రి రంగంలోకి దింపాలో కృష్ణుడికి తెలుసు. మన ఇళ్ళలో ఆ నిర్ణయం డాక్టరుగారికి వదిలిపెట్టి, చెప్పినన్ని రోజులు మాత్ర వేసుకోవడమే మన పని. మిగిలినవి దాచి పంచుకోవడానికి అవేమీ అప్పడాలు కావు గదా!